ఓడిపోవాలని చేయించిన అర్చన

మా వైపు వ్యాపారులు రాజకీయాల్లోకి వచ్చేది ప్రజాసేవ చేయకపోతే నిద్ర పట్టక. అమెరికాలో మేముండే కాపెల్ ఊళ్లో మా పాప వెళ్లే డేకేర్ యజమానికీ అదే జబ్బు చేసింది. ఆయనది ఘనా. సొంత ఊరి నుంచి పార్లమెంటుకు పోటీ చేస్తానని, డేకేర్‌ను మేనేజరమ్మకు అప్పగించి విమానం ఎక్కేశాడు.

ఘనా ప్రజల కష్టాలేమిటో నాకు తెలియదు. నా కష్టం పెరుగన్నం డబ్బా. అంతకుముందు రెండు డేకేర్ల నుంచి నిండుగా తిరిగొచ్చిన ఆ డబ్బా, ఈయన దగ్గర మాత్రమే ఖాళీ అయ్యేది. ఘనా వాళ్లూ మనలాగే చేత్తోనే తింటారట. చిన్న చిన్న ముద్దలు చేసి, నా దగ్గర నేర్చుకున్న "ఆమ్"తో నోట్లో పెట్టేవాడు. మూడేళ్ల పిల్ల బరువు పెరగడం లేదని డాక్టరు చూపించే గీత, ఈయన పుణ్యమా అని కాస్త పైకి లేచింది.

"వర్రీ అవ్వకు, గెలవడు. టూ మంత్స్‌లో వచ్చేస్తాడు," అన్నాడు మా ఆయన, ఘనా రాజకీయాలను కాచి వడపోసినట్టు.

దేవుడి చెవిన కూడా వేద్దామని గుడికి వెళ్లి, అర్చనకు డేకేర్ ఆయన పేరు చెప్పాను. పంతులుగారు రెండుసార్లు పలికించుకున్నారు.

"గోత్రం?"

"తెలీదండీ. ఘనా."

"సరే, కాశ్యపస అనేద్దాం. ఏం కోరికమ్మా?"

"క్షేమంగా తిరిగి రావాలనండీ."

ఓడిపోవాలని పైకి ఎలా అంటాను, చదువుకున్నదాన్ని? మనసులో అనుకున్నాను. ఆయన గడగడా అందుకున్నారు: క్షేమ, స్థైర్య, ధైర్య, విజయ...

"పంతులుగారూ! ఆ విజయ ఒక్కటీ తీసేసి చదవరా?"

"అన్నీ కలిపే వస్తాయమ్మా, ప్యాకేజీ," అంటూ కొబ్బరిచిప్ప చేతిలో పెట్టారు.

గెలిచాడు. మామూలుగా కూడా కాదు, భారీ మెజారిటీతో.

"నీ అర్చనకి పవర్ ఉందే! మన గ్రీన్ కార్డ్‌కి కూడా చేయించు," అన్నాడు మా ఆయన.

డబ్బా మళ్లీ నిండుగా రావడం మొదలైంది. మూడో వారం మేనేజరమ్మ గర్వంగా ఒక వీడియో పంపింది. అందులో గౌరవ సభ్యులవారు ఏదో బడిలో నేల మీద కూర్చుని, ఒక కన్ను కెమెరా మీదే ఉంచి, ఓ పసిపిల్లకు ముద్ద పెడుతున్నారు. "ఆమ్!" అంటున్నారు. నేను నేర్పిన మాట, నన్నొక్క మాటైనా అడగకుండా ప్రజాసేవకు వెళ్లిపోయింది.

పక్కన కూర్చున్న మా పాప ఫోన్ చూసి నోరు తెరిచింది. గబుక్కున ఆ రోజు తిరిగొచ్చిన డబ్బాలోంచి ఒక ముద్ద పెట్టి, వీడియో మళ్లీ నొక్కాను. డబ్బా ఖాళీ అయ్యేసరికి సభ్యులవారు ఆ పసిదానికి పంతొమ్మిదిసార్లు భోజనం పెట్టారు. ఎన్నికైన మనిషి మా ఇంటికి పనికిరావడం ఇదే మొదటిసారి.