దిండు పెట్టిన చోటు

పరాయి దేశం వచ్చి, జురాంగ్ ఈస్ట్‌లో ఒకే ఫ్లాట్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్లమని ఇంటికి గొప్పగా ఫోన్లు చేసేవాళ్లం. పొద్దున లేస్తే మాత్రం భుజాన తువ్వాళ్లేసుకుని బాత్‌రూమ్ ముందు వరసలో నిలబడేవాళ్లం. ఆ ఫ్లాట్ అద్దెకు తీసుకున్న గుంటూరు డాక్టరుగారబ్బాయిది రోజూ ఒకటే గోల, ఇది ఇల్లు కాదు, మురికివాడ అని. నాకు నవ్వొచ్చేది. అసలుది చూడని మనిషి మాట అది.

నేను పెరిగింది విశాఖలో, పోర్టు వెనక బస్తీలో. ఊళ్లో కూలిపని దొరక్క నాన్న అక్కడికొచ్చి పోర్టులో సరుకు మోసే కలాసీగా కుదిరాడు. ఆ బస్తీకే ఎందుకంటే, పిన్ని అప్పటికే అక్కడ ఉంది. మేం రాకముందే తన గుడిసె పక్కన ఇటుకలు పేర్చి, ఇది మా అక్కవాళ్లదని వీధంతా చెప్పి ఉంచింది. ఆ ఇటుకల మధ్యే మా ఇల్లు లేచింది. కాలవ కంపు, వానొస్తే మంచం కింద నీళ్లు, వీధంతటికీ ఒకటే కొళాయి. వాటినేమీ ముద్దు చేసి చెప్పను. కానీ కొళాయి దగ్గర బిందె పెట్టి పనికెళ్లినా మన వంతు మనదే. మేం ఊరెళ్తే పిన్ని వచ్చి మా పొయ్యి మీదే వంట చేసేది. పొగ రాని గుడిసెను ఎవరైనా ఆక్రమిస్తారని ఆవిడ భయం.

అందుకే ఇక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోట, ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ చూడగానే, ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. మనిషి తిండి తెచ్చుకోడానికి వెళ్లాడు, చోటు ఆయనదే. దీన్ని చోప్ చేయడం అంటారట. మా పిన్ని చూస్తే, టిష్యూ ఎగిరిపోతుంది, ఇటుక పెట్టమనేది.

తర్వాత నా కాంట్రాక్టు, దాంతోపాటే వీసా ఉన్నట్టుండి ముగిశాయి. ఇంకో ఉద్యోగం దొరికేదాకా విశాఖ వెళ్లక తప్పలేదు. ఉద్యోగం కన్నా, హాల్లో కిటికీ కింద నా పరుపు చోటు గురించే ఎక్కువ బెంగ. వారం వారం ఎవరో ఒకరు కొత్తగా దిగే రోజులవి. అది పోతే, తిరిగొచ్చినా తలదాచుకునే చోటుండదు. ఉంచమని అడగడానికి మొహమాటపడి, పరుపు మీద దిండు పెట్టి వచ్చేశాను.

నెలల తర్వాత ఉద్యోగం దొరికి, సూట్‌కేసుతో వెళ్లి తలుపు తట్టాను. హాలు నిండా కొత్త పరుపులు. వంటింట్లో గ్యాస్‌పొయ్యి పక్కన కూడా ఒకతను చాప వేసుకున్నాడు. కిటికీ కింద మాత్రం నా దిండు అలాగే ఉంది, ఉతికిన గలీబుతో.

నేను నోరు తెరవకముందే డాక్టరుగారబ్బాయి విసుక్కున్నాడు. "దిండు పెట్టి పోయావుగా. దాని మీద ఇంకోడెట్టా పడుకుంటాడు?"

ఏడుపొచ్చింది. బూట్లు విప్పుతున్నట్టు వంగి దాచుకున్నాను.

ఇప్పుడు ఇక్కడే పుంగ్గోల్‌లో మూడు గదుల ఫ్లాట్ నాది. ఊరెళ్లి నెలల తరబడి రాకపోయినా దాన్నెవరూ ఆక్రమించరు. నా కోసం కాచి ఉంచేవాళ్లూ లేరు.