పక్కింటి మట్టి గుర్రం

నా చిన్నప్పుడు, ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊళ్ళో ముస్లింల ఇల్లు మాదొక్కటే. మా నాన్న సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ డ్రైవరు. వారానికోసారి ఇంటికొస్తే వచ్చినట్టు. అమ్మ నన్ను కన్న ఏడాదే పోయింది. ఇంట్లో ఉండేది నేనూ, నాన్నను కన్న మా దాదీ. పండగకు కొత్త గౌను తొడుక్కుని ఎవరికి చూపించాలో తెలియక గడపలో నిలబడేదాన్ని. చూడడానికి వచ్చేది పక్కింటి పిల్ల ఒక్కతే. నా ఈడుదే. దానికి తండ్రి లేడు. తల్లీకూతుళ్ళు అరెకరం మిరపతోట చూసుకుంటూ బతికేవాళ్ళు. వాళ్ళ పెరట్లో ఇప్పచెట్టు కింద వాళ్ళు మొక్కే దేవుడి రాళ్ళు మూడు, వాటి ముందు జానెడు మట్టి గుర్రం ఉండేవి.

ఒక చలికాలం కారేపల్లిలో మా మేనత్త ఇంట్లో పెళ్ళికి వెళ్ళి ఇరవై రోజులున్నాను. అక్కడ పిల్లలకు ఖురాన్ నేర్పే పెద్దాయన ఇబ్రహీం ప్రవక్త కథ చెప్పారు. అల్లాను తప్ప దేన్నీ పూజించవద్దన్న ఆజ్ఞ చెప్పారు, ఆ ప్రవక్త విగ్రహాలను పగలగొట్టిన సంగతీ చెప్పారు. నాలాంటి పిల్లలు అంతమంది మధ్య కూర్చోవడం నాకు అదే మొదలు. ఊరికి తిరిగొచ్చాక ఇల్లు మునుపటికంటే బోసిగా కనిపించింది. వాళ్ళలో ఒకదాన్నని ఎలాగైనా నాకు నేను చూపించుకోవాలనిపించింది.

ఒక మధ్యాహ్నం పక్కింటివాళ్ళు తోటకు పోయాక పెరట్లోకి వెళ్ళి ఆ గుర్రాన్ని రాయికేసి కొట్టాను. మూడు ముక్కలైంది. ఏమీ జరగలేదు. మట్టేనని రుజువు చేశాననుకున్నాను. గెలిచినట్టే అనిపించింది, కానీ ఆ గెలుపు చెప్పుకోవడానికి ఊళ్ళో ఎవరూ లేరు. పరుగెత్తి దాదీకే చెప్పాను.

బియ్యం కడుగుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. తిట్టలేదు.

"ఆ ప్రవక్త ఎవరి ఊళ్ళె పగలగొట్టిండు, బేటీ?"

వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ నాన్నవాళ్ళు మొక్కేవే అన్నాను.

"అవ్. సొంతోళ్ళకు చెప్పి చెప్పి, ఇనకపోతే చేసిండు. నేనే చేసిన అని అందరి ముందట నిలబడ్డడు. నిప్పులల్ల ఏసినా ఓర్సుకున్నడు. నువ్వేమో ఎవ్వరూ లేంది చూసి పరాయోళ్ళింట్ల జొరబడ్డవ్."

వేరేవాళ్ళు మొక్కేవాటిని దూషించవద్దని కూడా అదే గ్రంథంలో ఉందని, నేను అక్కడిదాకా చదవలేదని ఆమె నెమ్మదిగా చెప్పింది. "మొక్కొద్దన్నది నీకు చెప్పిన మాట. నీ తల వంచకు. గంతే. వాళ్ళ తలకాయ నీ చేతికియ్యలే."

పొద్దుగూకే వేళకు వాళ్ళు తోట నుంచి రాగానే దాదీ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మా పిల్లే పగలగొట్టింది, మాఫ్ చెయ్యి బిడ్డా అంది. ఆ తల్లి ముక్కలను ఏరి ఒకచోట పెట్టింది. తర్వాత, "పోనీ అవ్వా, చిన్నపిల్ల. మట్టిదే గదా" అంది.

నేను బిత్తరపోయాను. నేనేదో కనిపెట్టాననుకున్నది వాళ్ళకు మొదటినుంచీ తెలుసు. ఇంతలో తల్లి వెనక నిలబడ్డ పిల్ల, "అది మా అయ్య చేసిండు" అని లోపలికి వెళ్ళిపోయింది.

దాదీ దాపరికం లేకుండా చెప్పింది. "గుర్రం నేను చేసియ్యలేను, చేయించలేను. మా దీన్ల, మా మతంల, అది లేదు. రెక్కల కష్టం ఇస్త." మర్నాటి నుంచి వాళ్ళ తోటలో మిరపకాయలు ఏరాం. మోకాళ్ళ నొప్పులతో దాదీ సాలు సాలుకూ కూలబడి లేచేది. నా వేళ్ళు మండేవి, కళ్ళు తుడుచుకుంటే కళ్ళూ మండేవి. ఆ పిల్ల మూడు సాళ్ళ అవతల ఏరుతూ ఉండేది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఏరుడు అయిపోయింది. తల్లి మాతో ఎప్పటిలాగే మాట్లాడింది. పిల్ల మాత్రం బడిలో వేరే వరసకు మారి కూర్చుంది. మరుసటి పండగకు మా గడపలోకి ఎవరూ రాలేదు. రెండేళ్ళకు వాళ్ళు తోట అమ్ముకుని మేనమామల ఊరికి వెళ్ళిపోయారు. ఆ ఊరి పేరు కూడా నాకు తెలియదు.

దాదీ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఖమ్మంలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఐదు పూటలా నమాజు చేస్తాను. అల్లా ముందు తప్ప ఎక్కడా తల వంచలేదు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. గ్రంథంలో 'వద్దు' అన్న మాట వచ్చినప్పుడల్లా చదవడం ఆపి, అది ఎవరికి చెప్పిందో చూసుకుంటాను. ప్రతిసారీ నాకే. కానీ ఆ రోజు వాళ్ళింట్లో మాఫీ అడిగింది దాదీ. నేను నోరు విప్పలేదు. అడగాల్సిన ఆ ఒక్క మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.