జానెడు మామయ్య

మా మామయ్య నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకొక్క జానెడే!" అంటూనే బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపిస్తాడు. బస్సు ఎంతసేపట్లో వస్తుందన్నా జానెడే, జ్వరం ఎంత తగ్గిందన్నా జానెడే. ఓసారి సెలూన్ అతను "ఎంత తీసెయ్యమంటారు?" అని అడిగాడు. ఈయన అలవాటుగా "ఇంకొక్క జానెడే" అన్నాడు. నెత్తిమీద ఉన్నదే వేలెడు జుట్టు. గుండుతో ఇంటికొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య "మనం సొంతిల్లు ఎప్పుడు కట్టుకుంటాం?" అని అడిగితే కూడా ఆ వేళ్ళే చూపించాడట. ఆ వేళ్ళు చూస్తూనే ఆవిడ జుట్టు నెరిసిపోయింది.

ఈ జబ్బు ఆయనకి బంగారం కోసం తవ్వే గోతిలో పట్టుకుంది. మాది కొండ వాలు మీద నలభై ఇళ్ళ వీధి. పెద్ద గని నేను పుట్టకముందే మూసేశారు. అది మాకు మిగిల్చిపోయింది తుప్పు పట్టిన గిలకలూ, బూడిదరంగు మట్టి దిబ్బలూ, దగ్గూ. గాలి వీస్తే దిబ్బలు లేచొచ్చి కంచాల్లో పడతాయి. బావులున్నాయి గానీ గనిలోంచి ఊరిన విషం వాటిల్లోకి దిగింది. ఆ నీళ్ళు తాగి ఒకే ఎండాకాలంలో మా వీధిలో ముగ్గురు పోయారు. తర్వాత బావుల మీద రేకులు కప్పి మేకులు కొట్టేశారు.

అలాంటి చోట గవర్నమెంటు ఒక పథకం పెట్టింది. బంగారం కోసం ఎవరైనా గొయ్యి తవ్వుతామంటే పలుగూ పారా ఇస్తుంది, గోడలు కూలకుండా దుంగలిస్తుంది. తవ్విన మట్టి కడగడానికి నీళ్ళు కావాలి కదా, అందుకని ఎక్కడో ఉన్న ఆనకట్ట నుంచి పైపు వేయించి పంపు ఖర్చు కూడా తనే పెట్టుకుంటుంది. షరతు ఒక్కటే, తవ్వకం నడిచినంత కాలమే నీళ్ళు. మొదట్లో మా వీధిలో పదకొండు మంది తవ్వారు. ఒక్కొక్కరే విసిగిపోయి మానేశారు. మామయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన గోతికొచ్చే పైపు దగ్గరే వీధి మొత్తం బిందెలు నింపుకుంటుంది. ఆ పంపు నడిపే ఉద్యోగం నాది. మరి నేనేం చేశానంటే, ఆయన్ని అందరికన్నా ఎక్కువ వెక్కిరించాను.

"ఇరవై రెండేళ్ళు, మామయ్యా! ఈపాటికి భూమికి అవతల తేలి ఉండాలి."

"అవతలివాళ్ళు కూడా ఇటు తవ్వుతున్నారేమోరా. ఎదురుపడితే పలకరిస్తాలే."

నా ఉక్రోషానికి కారణం ఉంది. మా అసలు ఇల్లు కింది వీధిలో. నాకు పదిహేడేళ్ళప్పుడు అక్కడ ఒకాయన గోతిలో నిజంగానే బంగారం జాడ కనబడింది. ఆయన్ని భుజాలకెత్తుకుని ఊరేగించాం. నెల తిరక్కుండా కంపెనీ వచ్చింది. కొండ తవ్వాలి, ఇళ్ళు ఖాళీ చెయ్యండంది. పైపు తన వైపు తిప్పేసుకుంది. ఊరేగించినవాళ్ళందరం మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాం. ఆ దొరికినాయన మాత్రం కంపెనీ ఇచ్చిన వాటాతో పట్నంలో మేడ కట్టాడు. అమ్మా నేనూ మామయ్య పంచన చేరాం. దొరికితే వాటా అయినా వస్తుంది, ఈయనకి అదీ లేదు కదా అని నా మంట.

దానికి తోడు తవ్వడం కూడా తిన్నగా తవ్వడు. ఆరేళ్ళ కిందట కిందికి తవ్వడం ఉన్నట్టుండి ఆపేసి, పక్కకి, తూర్పుకి తిరిగాడు. తూర్పున ఉన్నది నల్లరాయి. పడమటి వైపు మెత్తటి నేల. ఆ పడమటి గోడకేమో కూలుతుందని దుంగలు అడ్డంగా పేర్చేశాడు.

"బుర్ర ఉన్నవాడెవడైనా పడమరకి తవ్వుతాడు," అన్నాను.

"ఉన్న బుర్ర నీకిచ్చేశాగా," అన్నాడు.

ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి టేపుతో కొలుస్తాడు. పోయినేటికన్నా ముందుకెళ్ళిందా లేదా, అంతే. "ఏమైనా జాడ తగిలిందా?" అంటాడు. "ఇంకొక్క జానెడే సార్!" అంటాడు మామయ్య. ఇన్‌స్పెక్టరు నవ్వేసి సంతకం పెడతాడు. ఇంకో ఏడాది మాకు నీళ్ళు.

ఈ ఏడు మామయ్య నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఉత్తరం వచ్చింది. కొత్త ఇన్‌స్పెక్టరు గురువారం వస్తాడు, పని ముందుకు సాగకపోతే సాయం ఆపేస్తారు. వీధంతా మొహాలు వేలాడేసింది. రేకు కప్పిన బావుల వైపు ఆడవాళ్ళు చూసిన చూపు నేను చూడలేకపోయాను. "నేను దిగుతాను," అన్నాను.

మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "తూర్పునే తవ్వు. సుద్దముక్కతో గీత గీశాను. పడమటి దుంగల జోలికి పోకు. నామీద ఒట్టు."

రెండు రోజులు ఆ నల్లరాయితో కొట్లాడాను. నాలుగు వేళ్ళ లోతు వచ్చింది, అరచేతుల నిండా బొబ్బలొచ్చాయి. బుధవారం మధ్యాహ్నానికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టూ లేదు గిట్టూ లేదని పడమటి దుంగలు రెండు లాగి పడేసి పలుగు వేశాను. బురద పెళ్ళ ఊడి పడింది. వెనకాల తెల్లరాతిలో నా మణికట్టంత లావున పచ్చటి చార, దీపం వెలుగులో ధగధగమంటోంది!

నాకు చచ్చినంత పనైంది. ఊడిపడ్డ పెళ్ళ చూస్తే, ఎవరో కావాలని చేత్తో మెత్తిన బురద. ఎండిన వేలిముద్రలున్నాయి. ఆ వేళ్ళు నాకు తెలియవూ!

ఇంటికి పరిగెత్తాను. "మామయ్యా! బంగా..."

"అరవకురా! ముందు తలుపెయ్యి."

"నీకు తెలుసా?"

"ఆరేళ్ళయింది."

"ఆరేళ్ళా! నీ వాటాతో మేడ కట్టుకునేవాడివి కదా!"

"మేడలో కూచుని ఎవరి మొహం చూడనురా? వెతికేవాడికే గవర్నమెంటు సాయం. దొరికిందన్నామో, కంపెనీ వచ్చేస్తుంది. నలభై ఇళ్ళూ పోతాయి, నీళ్ళూ పోతాయి. కింది వీధి చూశాంగా. ఊరేగింపులో నువ్వే ముందున్నావు, మూటలు మోసేటప్పుడూ నువ్వే ముందున్నావు." ఆయన కట్టు కాలు సర్దుకున్నాడు. "అందుకే ఆరేళ్ళుగా దొరక్కుండా తవ్వుతున్నా. ఎంత కష్టమో తెలుసా? దొరికేలా తవ్వడం ఎవడైనా తవ్వుతాడు!"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఆయన గోతి నీళ్ళు తాగి, ఆయన గోతి జీతం తిని, ఆయన్నే వెక్కిరించాను.

"అత్తయ్యకి తెలుసా?" అన్నాను మెల్లిగా.

"దానికేం తెలుసురా, పాపం."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఆ లాగులు ఉతికేది ఎవరనుకున్నారు? తొట్టి అడుగున మెరుస్తున్నదంతా ఆరేళ్ళుగా పారబోస్తూనే ఉన్నాను."

మామయ్య నోరు తెరిచాడు. "మరి సొంతిల్లు సొంతిల్లని నన్ను రోజూ పోరుతున్నావు కదే!"

"పోరకపోతే ఎలా? ఆ ఇన్‌స్పెక్టర్లు నమ్మొద్దూ?"

మళ్ళీ గోతిలోకి దిగాను. బురద మెత్తాను, దుంగలు పేర్చాను, తర్వాత నల్లరాతి మీద పడ్డాను. రెండు రోజుల్లో రాని జానెడు పొద్దుగూకేలోపు వచ్చేసింది.

గురువారం కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రాడు, మొహాన నవ్వన్నది లేదు. కిందికి దిగి టేపు పెట్టాడు, పైకొచ్చి బూట్లు దులుపుకున్నాడు.

"జానెడు కదిలింది, సరే. కానీ ఇరవై రెండేళ్ళంటే మాటలా! తిన్నగా చెప్పండి, ఇక్కడ బంగారం ఉందా, లేదా?"

ఉందంటే కంపెనీ వస్తుంది. లేదంటే పైపు పోతుంది. మామయ్య కుర్చీలో కట్టు కాలు చాపుకుని నా వైపే చూస్తున్నాడు. ఆయన వెనకాల వీధి వీధంతా ఖాళీ బిందెలతో నిలబడి ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది. బొటనవేలూ చిటికెనవేలూ చాచుకున్నాయి.

"ఇంకొక్క జానెడే సార్!"

ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు, మామయ్యని చూశాడు. "ఈ ఇంట్లో అందరూ ఇంతేనా?"

"అంటుజాడ్యమండీ," అంది అత్తయ్య. "మీరు ఎక్కువసేపు ఉండకండి."

అప్పుడు మొదటిసారి నవ్వాడా కుర్రాడు. సంతకం పెట్టేశాడు.

నేను పంపు దగ్గరికి పోబోతుంటే మామయ్య చొక్కా పట్టుకు లాగాడు. "ఒరేయ్, వేళ్ళు ఇంకాస్త చాచాలిరా. మరీ బెత్తెడులా కనిపించింది."

"నేర్చుకుంటాలే మామయ్యా," అని వెళ్ళి పంపు వేశాను.