రెండు భాషల్లో చెప్పిన అబద్ధం

మనుషుల చేత పని చేయించడంలో నేను ఘటికుణ్ణని ఛత్తీస్‌గఢ్‌లోని ఈ హథ్‌ఖోజ్ కార్ఖానాల్లో నాకు పేరుంది. ఆ పేరు ఎవరి నోటైనా వినబడితే చాలు, గొంతులో ముల్లు కదిలేది. ఏళ్ళ తరబడి దాన్ని మింగలేక, కక్కలేక తిరిగాను. మా ఆవిడకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు, రేపు సుపేలా మార్కెట్లో ఎదురుపడినా గుర్తుపట్టరు. పిరికితనమే. ఒప్పుకోవడానికి కూర్చున్నాక అది మాత్రం దాచడం దేనికి?

మాది ఇనుప చట్రాలూ తొట్లూ చేసే చిన్న కార్ఖానా. నేను సూపర్‌వైజర్‌గా చేరిన రోజుల్లో అక్కడ ఒక జత ఉండేది. సంత్‌రామ్ ఫిట్టరు, ఈ ఛత్తీస్‌గఢ్ మట్టిలో పుట్టినవాడు. పలకలు కొలిచి, కోసి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేవాడు. అతను నిలబెట్టినదాన్ని అతికించే వెల్డరు నాయుడు, మా శ్రీకాకుళం వైపువాడు. మధ్యాహ్నం సంత్‌రామ్ బాసీ తెచ్చుకునేవాడు, అంటే మన చద్దన్నమే. దాంట్లోకి నాయుడింటి ఆవకాయ. ఇద్దరికీ ఒకటే గిన్నె. నాయుడిది వచ్చీరాని హిందీ, సంత్‌రామ్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఏం మాట్లాడుకునేవారో గాని నవ్వులు మాత్రం షెడ్డంతా వినబడేవి.

ఆ ఏడాది పెద్ద ఆర్డరొకటి వచ్చింది. గడువు మీదకొచ్చేసింది, యజమాని పొద్దున లేస్తే నా మీద ఎగిరేవాడు. నాకేమో కొత్తగా పెళ్ళయింది, ఉద్యోగం పోతే మామగారి ముందు తలెత్తుకోలేను. కేకలేశాను. పని కదల్లేదు. బతిమాలాను. నవ్వి ఊరుకున్నారు. అప్పుడు తట్టింది ఆ పాడు తెలివి.

ఒక సాయంత్రం నాయుడి పక్కన చతికిలబడి, ఇంటి మనిషిలా గొంతు తగ్గించాను.

“మావా, నీతో చెప్పకూడదు గానీ... నీ చెయ్యి మందగించిందని సంత్‌రామ్ అంటన్నాడు. తను నిలబెట్టినవన్నీ నీ దగ్గరే ఆగిపోతన్నాయట.”

నాయుడు నల్లద్దం పక్కన పెట్టాడు. “సంతూయేనేటి? నా కోసమే అన్నాడా?”

“నా చెవులారా విన్నాను.”

“అలగా.”

అంతే. అద్దం మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు సంత్‌రామ్ దగ్గరికెళ్ళి అతని ఇంటి భాష ఛత్తీస్‌గఢీలో అదే పాట పాడాను. నువ్వు వదిలే సందులు పూడ్చలేక చస్తున్నానని నాయుడు వాపోతున్నాడని. అతను నన్ను రెండోసారి అడగను కూడా లేదు.

ఎవరి భాషలో వాళ్ళకు చెప్పడమే నా గొప్ప ఎత్తు. ఇంటి భాషలో చెవిలో వేసిన చాడీని ఎవరనుమానిస్తారు? పైగా ఎదురెదురుగా కూర్చుని అడిగి తేల్చుకునేంత భాష వాళ్ళ మధ్య లేదని నాకు తెలుసు. కలిసి నవ్వుకోవడానికి చాలిన ఆ ముక్కల హిందీ ఇలాంటి మాట అడగడానికి చాలదు. తెలిసే చేశాను. కోపంలో నోరు జారిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

పని పరుగెత్తింది. ఒకణ్ణి చూసి ఒకడు పంతం పట్టి చేశారు. ఆర్డరు గడువులోపే లారీలెక్కింది. యజమాని లడ్డూలు పంచి, అందరి ముందూ నా భుజం తట్టి, కొన్నాళ్ళకు మేనేజర్ని చేశాడు.

గిన్నెలు మాత్రం రెండయ్యాయి. నాలుగు రోజులు పోతే వాళ్ళే కలుస్తారులే అనుకున్నాను. కలవలేదు. ఒకసారి సంత్‌రామ్ ఒక పలక తిరగేసి నిలబెట్టాడు. నాయుడు చూశాడు. చూసి కూడా నోరు విప్పకుండా అతికించేశాడు. ఆ ఒక్కదానితో సరుకంతా వెనక్కొచ్చింది. నేనేం చేశానో తెలుసా? ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకరికొకరు చెప్పుకోవడానికి మీకు నోళ్ళు లేవా అని తిట్టాను. నేను! ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ దెబ్బతో నా పద్ధతి మార్చుకున్న మాట నిజం. మెచ్చుకునేది నలుగురిలో మెచ్చుకున్నాను, మందలించేది పక్కకు పిలిచి మందలించాను, ఒకరి మాట ఇంకొకరికి మోయడం మానేశాను. మనుషులు నన్ను నమ్మారు, పని బాగా నడిచింది. ఇప్పుడున్న మంచిపేరు అలా వచ్చిందే. మరి ఆ ఇద్దరి సంగతి? రేపు చెబుదాం, పండగెళ్ళాక చెబుదాం. నిజానికి, చెబితే ఆ పేరేమవుతుందోనని భయం. ఇంకేం లేదు.

మా షెడ్డులో విశ్వకర్మ పూజనాడు పనిముట్లు కడిగి, బొట్టుపెట్టి, పటం ముందు పెడతాం. జతగా పనిచేసేవాళ్ళవి ఒకే పళ్ళెంలో పెట్టడం మా ఆనవాయితీ. వాళ్ళిద్దరివీ రెండు పళ్ళేలయ్యాయి. ఏటా ఆ రెండింటి ముందూ హారతి తిప్పింది నేనే.

ఈ ఏడు శ్రావణి అని, చరోదా రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగమ్మాయి కొత్తగా సూపర్‌వైజర్‌గా చేరింది. పూజకు కొద్దిరోజుల ముందు మెరిసే కళ్ళతో నా గదిలోకొచ్చింది.

“సర్, దేఖియే, పని ఎంత ఫాస్ట్ అవుతుందో! అటు షిఫ్ట్ వాళ్ళు వీళ్ళని చూసి నవ్వుతున్నారని వీళ్ళకి చెప్పాను, బస్, అంతే.”

“నిజంగా నవ్వారా?”

“నహీ సర్!” అని తనే నవ్వింది.

ఎవరూ నేర్పలేదు. నాకు తట్టినట్టే తనకీ తట్టింది. అదే వారంలో నాయుడు కంటిచూపు ఆనడం లేదనీ, పూజ అయ్యాక పని మానేస్తాననీ చెప్పాడు. అతను ఆ గేటు దాటాడంటే నా అబద్ధమే వాళ్ళిద్దరి మధ్యా ఆఖరి మాటగా మిగిలిపోతుంది. అది మాత్రం భరించలేకపోయాను.

ఇద్దర్నీ షెడ్డు చివరికి పిలిచాను. శ్రావణినీ నిలబడమన్నాను. చెప్పేశాను. తెలుగులో ఒకసారి, ఛత్తీస్‌గఢీలో ఒకసారి. అబద్ధమాడినంత తేలిగ్గా నిజం రాలేదు. మాటమాటకీ నాలుక తడబడింది.

నాయుడు నావైపు చూడనే లేదు. సంత్‌రామ్‌వైపు తిరిగి, “హమ్ కాయ్‌కో నై పూఛా, సంతూ?” అన్నాడు. నేనెందుకు అడగలేదురా అని.

నేనూ అడగలేదన్నట్టు సంత్‌రామ్ తలూపాడు.

అప్పుడు నాయుడు నాతో, “నువ్వెల్లు బాబూ. మా మాటలేటో మేం మాటాడుకుంటాం” అన్నాడు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఆ మధ్యాహ్నమే శ్రావణి తన మనుషుల్ని కూర్చోబెట్టి అబద్ధం చెప్పానని ఒప్పుకుంది. నాకు ఏళ్ళు పట్టింది, ఆ పిల్లకు ఒక పూట పట్టింది. ఆమె మంచి మేనేజర్ అవుతుంది.

పూజనాడు పటం ముందు వాళ్ళ పనిముట్లు ఒకే పళ్ళెంలో ఉన్నాయి. ఎవరు సర్దారో నేను చూడలేదు. ఈసారి హారతి నాయుణ్ణే ఇమ్మన్నాను. తర్వాత అందరికీ పూరీలు వడ్డిస్తుంటే వాళ్ళిద్దరూ గోడవార కూర్చుని బాసీ గిన్నె తెరిచారు. నాయుడు సంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు. సంత్‌రామ్ ఏదో అన్నాడు, నాయుడు పగలబడి నవ్వాడు. మా షెడ్డు ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో.

నన్ను పిలవలేదు. పిలుస్తారని ఎదురుచూశానా అంటే, చూశాను. పిలవకపోవడమే సబబు. నా విస్తరి పట్టుకుని ఇవతల మూల కూర్చున్నాను. ముద్ద దిగింది.