అత్తగారి ముక్కు, కోడలి చెవి

పదకొండేళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పనిచేసింది కాబట్టి వీధిలో అందరూ ఆమెను బిస్కెట్టక్క అనేవారు. వాసనను బట్టే ఇంకెంతసేపు ఉంచాలో చెప్పేయగల మనిషి. అలాంటిది ఒకసారి పెద్ద జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ ముక్కులోని వాసనను కూడా వెంట పట్టుకుపోయింది. తిరిగి పనిలోకి వెళ్లిన రోజునే మూడు రేకుల నిండా పేర్చిన బిస్కెట్లు ఆమె కళ్లముందే మాడిపోయాయి. పక్క గదిలోంచి జనం పరుగెత్తుకొచ్చేదాకా ఆమెకు తెలియనే లేదు.

సూపర్‌వైజరు కసురుకోలేదు. ముక్కు పనిచేయని మనిషిని పొయ్యి దగ్గర ఉంచలేనని మెల్లగా చెప్పి, అట్టపెట్టెలకు చీటీలు అంటించే పనిలో వేశాడు. అంత మెల్లగా చెప్పడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. రెండేళ్లు చీటీలు అంటించింది. తర్వాత ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోతే ఇంట్లో కూర్చుంది.

ఊరికే కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. నెల తిరక్కుండానే కేకులు చేసి అమ్ముతానంది. లేతు మిషను మీద పనిచేసే భర్త ఏమనాలో తోచక తల గోక్కున్నాడు. అత్తగారికి మాత్రం వెంటనే తోచింది.

"వాసనే తెలియనిదానివి, కేకులు చేస్తావా? బోడితలకు దువ్వెన కొన్నట్టుంది."

అత్తగారు అన్నివిధాలా ముక్కున్న మనిషి. మాట ముక్కుసూటి, కోపం ముక్కు మీదే. ఇక వాసన సంగతంటారా, మూడిళ్ల అవతల పాలు పొంగుతుంటే ఇక్కణ్ణుంచే కేకేసేది.

భర్త మూతపడిన హోటలు నుంచి ఒక పాత ఓవెన్ సంపాదించుకొచ్చాడు. తలుపు బందులు మార్చాడు, తుప్పు గీకాడు. వేడి చూపించే ముల్లు మాత్రం అతని చేతికి లొంగలేదు. దాని ఇష్టం దానిది. గడియారాన్ని నమ్ముకుందామంటే ఒకరోజు అరగంటకే మాడ్చేది, ఇంకోరోజు ముప్పావుగంటైనా పచ్చిగానే ఉంచేది. పోనీ తలుపు తీసి చూద్దామా అంటే, తొందరపడి తీసిన మరుక్షణం కేకు నడుము విరిగినట్టు కూలబడేది. తలుపెప్పుడు తీయాలో చెప్పాల్సింది వాసనే.

నాలుగు కేకులు అలా పాడయ్యాయి. ఐదోది లోపల ఉండగా అత్తగారు, పిండీ వెన్నా తగలేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నానని గొణుక్కుంటూ వచ్చి, ఓవెన్ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి "తియ్యి" అంది. కోడలు తీసింది. నిగనిగలాడే రంగు. నడిమధ్య వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది.

ఆనాటి నుంచి చెయ్యి కోడలిది, ముక్కు అత్తగారిది. అలాగని ఇద్దరికీ సయోధ్య కుదిరిందనుకునేరు. పంచదార డబ్బా ఏ అరలో పెట్టాలన్న దగ్గర్నుంచి పోట్లాటే. పోట్లాట మధ్యలో అత్తగారు "తియ్యి" అనేది, కోడలు తీసేది, ఆపిన చోటు నుంచి మళ్లీ అందుకునేవారు. పక్క వీధి దర్జీ, బళ్లో టీచర్లు, వాళ్లను చూసి ఇంకొకళ్లు, ఇలా కేకులు కొనేవాళ్లు పెరిగారు. ఎవరైనా బాగుందంటే అత్తగారు, తాను పక్కన కూర్చోకపోతే ఈపాటికి కోడలు బొగ్గులమ్ముకుంటూ ఉండేదని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టే కోడలికి ఆ మాట గొంతులో ముల్లులా దిగేది.

ఒకనాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పెద్ద నర్సు రిటైరవుతోంది, అరవై మందికి సరిపడా మూడు పెద్ద కేకులు కావాలి, మర్నాడు సాయంత్రం నాలుగింటికల్లా అందాలి. ఇప్పటిదాకా అంత పెద్ద పని రాలేదు. బిస్కెట్టక్క ఒప్పుకుంది. తీరా ఆ రోజు తెల్లవారేసరికి అత్తగారు జలుబుతో లేచింది. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టినా ఆమెకు తెలియలేదు.

"నాకేం తెలియట్లేదే అమ్మాయ్" అంది. ఆ గొంతులో భయం కోడలు మొదటిసారి విన్నది.

మన వల్ల కాదని చెప్పి వచ్చేస్తానని భర్త చెప్పులు వేసుకున్నాడు. బిస్కెట్టక్క పిండి సంచి మూతి విప్పింది.

"మాటిచ్చానండీ. చేసే చూస్తాను" అంది.

మొదటి కేకును తొందరపడి తీసింది. కళ్లముందే కూలిపోయింది. దాని మీదికి వంగితే, లోపల్నుంచి సన్నగా చప్పుడు. ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు చిటచిట. పుల్లతో గుచ్చితే పచ్చిపిండి అంటుకుంది. రెండోదాన్ని పంతంగా ఉంచేసింది. అంచులు నల్లబడి వచ్చింది. దానికీ చెవి ఆనించి చూసింది. కిక్కురుమనలేదు.

అప్పుడు తట్టింది. పచ్చిది మాట్లాడుతోంది, మాడినది మూగబోయింది. తనకు కావలసింది ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉండాలి.

మూడోది లోపల పెట్టి ఫ్యాను ఆపించింది, రేడియో కట్టేయించింది, కారుతున్న కుళాయికి గుడ్డ కట్టింది. భర్తను గోడకు ఆనుకుని కదలకుండా నిలబడమంది. పాపం, ఆయన దగ్గు కూడా ఆపుకున్నాడు. ఓవెన్ వెనకాల ఆవిరి పోయే గొట్టం దగ్గర, చెంపకు సెగ తగులుతున్నా చెవి తీయకుండా నిలబడింది. మొదట చిటపటలు ముసురుపట్టినట్టు వినిపించాయి. పోను పోను పలచబడ్డాయి. తర్వాత ఆగి ఆగి ఒక్కో చిటుకు. తలుపు తీసింది. వేలితో నొక్కింది. పైకి లేచింది. తర్వాతి కేకుకు గుడ్లు కొట్టింది.

నాలుగింటికి పది నిమిషాలుండగా మూడు కేకులూ ఆసుపత్రి బల్ల మీద ఉన్నాయి. పెద్ద నర్సు రెండో ముక్క అడిగి మరీ తీసుకుని, ఎవరు చేశారంది.

"నేనేనండీ" అంది బిస్కెట్టక్క. ఆ మాటకు వెనకా ముందూ ఇంకేమీ చేర్చలేదు. చేర్చాల్సిన అవసరం లేదని ఆ క్షణంలో ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు తలకు గుడ్డ చుట్టుకుని గుమ్మంలోనే ఉంది. కోడలు వెంట తెచ్చిన ముక్క చేతిలోకి తీసుకుని, రుచీ వాసనా తెలియదు కాబట్టి వేళ్లతో విడదీసి, గుల్లగా ఉన్న లోపలిభాగం వెలుతుర్లో పెట్టి చాలాసేపు చూసింది. చూసి, కోడల్ని కాళ్లు కడుక్కుని కూర్చోమంది. కాఫీ తానే పెట్టింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

జలుబు తగ్గాక ఎప్పటిలాగే పీట వేసుకుంది. కానీ వేళయినా నోరు విప్పకుండా కోడలి మొహంలోకి చూసింది. కోడలు గొట్టానికి చెవి ఆనించి "ఇప్పుడు" అంది.

"ఊఁ, ఇప్పుడే" అంది అత్తగారు.

ఏడాది తిరిగేసరికి వీధి మొదట్లో కొట్టు తెరిచారు. పేరు పలక భర్తే రేకు కోసి తయారుచేశాడు. ఫ్యాక్టరీలో తనతో చీటీలు అంటించిన ఇద్దరు ఆడవాళ్లను బిస్కెట్టక్క పనిలోకి తీసుకుంది. చెవి పెట్టి వినమంటే మొదటి వారం ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు వాళ్లే కొట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వేలు పెదవి మీద పెడతారు. కొత్త ఓవెన్ ముల్లు ఒక్క గీత కూడా తప్పదు. అయినా కేకు దించే వేళకు ఫ్యాను ఆగుతుంది, కొనడానికి వచ్చినవాళ్లు కూడా చేతిసంచులు చప్పుడు చేయకుండా పట్టుకుని నిలబడతారు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఏమిటిదంతా అని అడిగితే అత్తగారు గొంతు తగ్గించి, "మా కోడలు వింటోంది" అని చెబుతుంది.