తిట్టని పిన్ని

ఆ వీధిలో ఆవిడని అందరూ మిషన్ పిన్ని అంటారు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లు, వదులు చేయాల్సిన స్కూలు గౌన్లు, జిప్పు ఊడిన సంచులు. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు ఆవిడ దగ్గరికి రారు. ఉన్న బట్టే ఇంకో ఏడాది రావాలనుకునేవాళ్లు వస్తారు. వాళ్లు చెప్పుకునే మంచీ చెడ్డా అన్నీ వింటూ, మిషను తొక్కుతూ, ఎవరినీ ఒక్క మాట అనకుండా పంపిస్తుంది. నెమ్మదస్తురాలని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆవిడ ఈ ఇంటికి వచ్చేనాటికి ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంది. పాలపళ్లు ఊడే వయసు. ఆ పిల్ల తల్లి పోయి ఏడాది దాటింది. తండ్రి బస్సు డ్రైవరు, తెల్లవారకముందే వెళితే దీపాలు పెట్టే వేళకి గానీ రాడు. ఆ రెండో పెళ్లి చేసి పంపేముందు మిషన్ పిన్నిని వాళ్లమ్మ పక్కకి తీసుకెళ్లి చెప్పింది: "ఏం జరిగినా ఆ పిల్ల మీద గొంతెత్తకు. కన్నతల్లి కొట్టినా ఎవరికీ పట్టదు. నువ్వు కసిరితే చాలు, ఊరంతా చెప్పుకుంటారు."

వచ్చిన మర్నాడే ఎదురింటి మామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అంది: "ఏమ్మాయ్, ఈ వీధిలో మాకందరికీ చెవులు బాగానే పనిచేస్తాయి. తెలుసుకుని మసలుకో."

మిషన్ పిన్ని మసలుకుంది. పాలమీద మీగడ ఆ పిల్లకే. వేడి రొట్టె ముందు ఆ పిల్ల పళ్లెంలోకే. పని చెప్పాల్సి వస్తే, "నువ్వెళ్లి చదువుకో అమ్మా, నేను చూసుకుంటానుగా" అనేది. తరవాత కొడుకు పుట్టాడు. ఇంట్లో బుడ్డోడు అనేవారు. వాడి మీద మాత్రం వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. వాడు తిట్లు తింటూనే ఆవిడ ఒళ్లో దూరేవాడు. మొగుడు బస్టాండులో అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు: "మా ఆవిడ మా పెద్దదాన్ని ఇవాళ్టివరకు ఒక్క మాట అన్లేదు తెలుసా!" ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి కడుపు నిండిపోయేది.

పెద్దది పెరిగింది, పై ఊళ్లో పిల్లల లైబ్రరీలో ఉద్యోగం చూసుకుంది. పోయిన వానల్లో తండ్రి పోయాడు. ఆ తరవాత రావడం తగ్గించింది. ఫోన్లో, "బాగున్నావా పిన్నీ?" "బాగున్నానమ్మా, నువ్వు?" అంతే. మధ్యలో ఆ పిల్లకి జ్వరం వచ్చి మంచాన పడిందని కొడుకు చెబితే తెలిసింది. వెళదామని సంచి సర్దుకుని మళ్లీ విప్పేసింది. ఏ హక్కుతో వెళ్లాలి? ముడి వేసిన మనిషే లేడు. ఇక ఈ పిల్ల తనకి ఏమవుతుందో, అసలు ఏమన్నా అవుతుందో లేదో, మిషను తొక్కుతున్నంతసేపూ అదే ఆలోచన.

అలాంటప్పుడు బుడ్డోడు ఒక కబురు మోసుకొచ్చాడు. "అమ్మా, అక్క పుస్తకం రాసిందటే! పాత కథే. తల్లి పోయిన పిల్ల, పొయ్యి దగ్గర బూడిద, చివర్లో రాజుగారి కొడుకు, అదే. దాన్నే పదిహేను పదహారేళ్ల పిల్లల కోసం కొత్తగా రాసిందట."

మిషను ఆగింది. "అందులో సవతి తల్లి ఉందా?"

"ఆవిడ లేకపోతే కథెక్కడిదే!"

సాయంత్రానికి ఎదురింటి మామ్మకీ తెలిసిపోయింది. "నిన్ను పుస్తకంలోకి ఎక్కించిందటగా! కోరలు పెట్టిందో లేదో ముందు కనుక్కో" అని పళ్లు లేని నోటితో నవ్వింది. మిషన్ పిన్ని కూడా నవ్వింది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్న పెద్దది దిగింది. చిక్కిపోయి, కళ్ల కింద నలుపు. చేతిలో కాగితాల కట్ట. "అచ్చుకి పంపే ముందు నువ్వు వినాలి పిన్నీ" అంది. మిషన్ పిన్ని కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి ఎప్పుడూ ఆ పిల్లే చదివి వినిపించేది. కరెంటు బిల్లు నుంచి పెళ్లి పత్రికల దాకా అంతే.

"నీకు తీరికుంటే చదువమ్మా" అని, పోయిన మనిషి కోటు ఒళ్లో పెట్టుకుంది. దాన్ని కొడుకు కొలతకి తగ్గించాలని నెలల తరబడి ఒక్కో కుట్టే విప్పుతోంది.

పెద్దది చదవడం మొదలుపెట్టింది. కథలో సవతి తల్లికి కోరలు లేవు. మెత్తని చెప్పులేసుకుని నడుస్తుంది, గొంతు పెంచదు. సొంత కూతురు పాలు ఒలకబోస్తే చెవి మెలేసి, అదే చేత్తో దాని ముక్కు తుడుస్తుంది. పెద్ద పిల్ల గాజు కూజా పగలగొడితే, "కాలికి గుచ్చుకోలేదు కదమ్మా?" అని పెంకులు ఊడ్చేసి వెళ్లిపోతుంది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. ఆ పిల్ల పొయ్యి దగ్గర బూడిదలో కూర్చోవడం ఎవరో కూర్చోమన్నందుకు కాదు. ఒళ్లంతా మసి పూసుకుంటే అప్పుడైనా ఆవిడ తిడుతుందేమోనని. ఆవిడ తిట్టదు. నీళ్లు కాచి పెడుతుంది.

సూది ఎక్కడ ఆగిందో మిషన్ పిన్నికి తెలియలేదు. వాళ్లింట్లోనూ ఒక గాజు కూజా ఉండేది.

"అది... చెయ్యి జారి పడలేదా?" అంది.

"లేదు పిన్నీ. కావాలనే పడేశాను. నువ్వు తమ్ముణ్ని అంతకుముందే కప్పు పగలగొట్టాడని చెడామడా తిట్టి, ఒళ్లో వేసుకున్నావు. నేను గుమ్మంలో నించుని చూశాను."

"నిన్ను ఒక్క మాట అంటే ఊరేమంటుందోనని..."

"తెలుసు. అది నాకు ఈ పుస్తకం రాస్తుంటేనే తెలిసింది. ఆవిణ్ని చెడ్డదాన్ని చేద్దామనే మొదలుపెట్టాను. ఎలా చేసినా కుదరట్లేదు. ఎక్కడ చూసినా నాకు మీగడ తీసిపెడుతూనే కనిపిస్తుంది. ఇక కూర్చుని ఆలోచిస్తే, భయపడేది ఆవిడేనని తట్టింది. చివర్లో ఆవిడేం చెయ్యాలో మాత్రం రాయలేదు. రాజుగారి కొడుకు సంగతి సులువే. ఆవిడ సంగతే తేలట్లేదు. నువ్వు చెప్పు."

మిషన్ పిన్ని ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ల మీగడంతా ఎటు పోయిందో అనిపించింది. అయినా ఈ పిల్ల మనసులో పెట్టుకుని దూరం జరిగిపోలేదు. కాగితాలు పట్టుకుని, బస్సెక్కి, ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ సంగతి తలుచుకునేసరికి ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది వేరే.

"జ్వరం వస్తే చెప్పాలని తెలీదే నీకు?"

పెద్దది ఉలిక్కిపడింది.

"మంచాన పడి ఉన్నావని పరాయివాళ్లెవరో మీ తమ్ముడికి చెబితే, వాడు నాకు చెబితే నేను తెలుసుకోవాలా? ఏం, ఫోన్లో డబ్బుల్లేవా, నోట్లో నాలుక లేదా? ఆ చేతులు చూడు, పుల్లల్లా! తిండి మానేసి పుస్తకాలు రాస్తారటే ఎవరన్నా? మీ నాన్న పోతే నేనూ పోయాననుకున్నావా? ఇన్ని నెలలు ఇటు తొంగి చూడవా? నీ కళ్లకి ఈ ఇల్లు ఎలా కనబడుతోంది?"

కిటికీ అవతల మామ్మ తల లేచింది. "ఏంటమ్మాయ్ ఆ అరుపులు? బుడ్డోడు మళ్లీ ఏం చేశాడు?"

"బుడ్డోడు కాదు మామ్మా, పెద్దది! తిడుతున్నాను!"

"పెద్దదాన్నా?"

"ఆఁ, పెద్దదాన్నే! చెవులు బాగానే పనిచేస్తున్నాయిగా, కుర్చీ వేసుకుని వినండి. ఇంకా చాలా ఉంది!"

మామ్మ, "మరి నెమ్మదిగా తిట్టు, గొంతు పోతుంది" అని కిటికీ రెక్క ఇంకాస్త తెరిచింది.

మిషన్ పిన్ని ఇటు తిరిగేసరికి పెద్దది కాగితాల కట్ట తిరగేసి, వెనకవైపు ఖాళీలో గబగబా ఏదో గీకేస్తోంది. కళ్లు ధారలు కడుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"ఏం రాస్తున్నావే?"

"చివర్లో ఆవిడేం చేసిందో రాస్తున్నాను పిన్నీ. పుల్లల్లా అన్న తరవాత ఏమన్నావు?"

"ఓసి నీ తెలివి తెల్లారా! నేను గొంతు చించుకుంటుంటే రాసుకుంటున్నావా? పెట్టు ఆ పెన్ను అక్కడ. పెట్టమన్నానా? లే, ముందు చేతులు కడుక్కుని రా. తిన్నాక తిడతాను మిగతాది."