డబ్బాలో ఉన్న రెండో మైకు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. నిమ్మనపల్లెలో మా పుట్టింటికి శ్మశానం పక్కనుంచే దారి. ఏనాడూ వెనక్కి తిరిగి చూసినదాన్ని కాను. అందుకే ఇది రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

మదనపల్లెలో మాది ఉమ్మడి ఇల్లు. నేను పెద్దకోడలిని, సుగుణ చిన్నకోడలు. ఇద్దరం కలిసి ఒక వంటల ఛానెల్ నడుపుతున్నాం. కెమెరా నాది, ఎడిటింగ్ నాది. వంట చేస్తూ మాట్లాడేది మాత్రం సుగుణ. కామెంట్లన్నీ దానికే. తీసిందెవరని ఒక్కరూ అడగరు. కడుపు మండదా మరి?

అసలు మంట అది కూడా కాదు. మా అత్తమ్మ మంచాన పడినప్పుడు ఎత్తింది, దించింది, తల దువ్వింది, మందులు వేసింది నేను. ఆమె నోట నానింది మాత్రం "కుప్పమమ్మాయి". సుగుణది కుప్పం కాబట్టి అత్తమ్మ ఒక్కతే అలా పిలిచేది. ఆఖరి రోజు కూడా దాన్నే అడిగింది. ఆమె పోయి ఏడాది దాటినా నేనది మరిచిపోలేదు.

వీడియోల్లో సుగుణ మాటకంటే కుక్కర్ విజిలే ఎక్కువ వినబడుతోందని వైర్‌లెస్ మైకు తెప్పించాను. పుంగనూరులో పెళ్లి వీడియోలు తీసే మా అన్న వచ్చి బిగించడం నేర్పించాడు. రిసీవరును కెమెరా మీద పెట్టి, దాని వైరు కెమెరాకు గుచ్చాలి. మైకులు రెండు ఉంటాయి. ఒకదాని శబ్దం ఎడమ చెవిలో, రెండోదాని శబ్దం కుడి చెవిలో వచ్చేలా పెట్టాడు.

ఆ రోజు అమావాస్య. మధ్యాహ్నం రాగిసంగటి వీడియో తీశాం. ఒక మైకు సుగుణ కొంగుకు తగిలించాను. రెండోది ఆఫ్ చేసి, డబ్బాలోనే ఉంచి, బీరువా మీద పెట్టాను. మా ఇంట్లో అమావాస్యకు మొదటి ముద్ద పోయినవాళ్ల పేరు చెప్పి పక్కన పెడతాం. ఎప్పుడూ పెట్టేది నేనే. ఆ రోజు నా చేతిలో కెమెరా ఉందని సుగుణ పెట్టింది. "అత్తమ్మా, తిను" అంది.

సాయంత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎడిటింగుకు కూర్చున్నాను. ఎడమ చెవిలో సుగుణ గొంతు ఖంగుమని ఉంది. దాని మాట అయిపోగానే కుడి చెవిలో అత్తమ్మ గొంతు.

"కుప్పమమ్మాయీ, నీ సేతి సంగటి తిని ఎన్నాళ్లాయెనో. ఈడనే ఉండాన్లేమ్మా."

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏడుపు. ఇన్ని అమావాస్యలు నేను పెడితే పలకని మనిషి, దాని ఒక్క ముద్దకు పలికింది.

మా ఆయనకు వినిపించాను. "మా అమ్మే" అని లేచి బయటికి వెళ్లిపోయాడు. మా అన్న మాత్రం దగ్గర్లో ఇంకెవరి మైకో కలిసి ఉంటుందన్నాడు. ఎవరి మైకో అయితే ఆ పిలుపు ఎలా వస్తుంది? పాత వీడియోలోంచి వచ్చిందనుకోవడానికీ లేదు. కెమెరా కొన్నదే అత్తమ్మ పోయాక.

తర్వాతి అమావాస్యకు నేనే వండాను. మైకు తగిలించుకుని, ముద్ద పెట్టి, పేరుపెట్టి మరీ పిలిచాను. రెండో మైకు అదే డబ్బాలో ఉంది. మళ్లీ మళ్లీ విన్నాను. కుడి చెవిలో చప్పుడే లేదు.

"అక్కా, ఆ సంగటి వీడియో ఇంకా యాల పెట్టలా?" అని సుగుణ అడుగుతూనే ఉంటుంది.

"సౌండు సరిగా రాలేదు మా" అంటాను.

ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పుడప్పుడూ తలుపేసుకుని వింటాను. పిలిచింది దాన్నే. విన్నది మాత్రం నేను. సుగుణకు చెప్పను.